గంజుకు చెందినవాళ్ళు

ఇబ్రా క్యాంపు,
9 అక్టోబరు 1992, శుక్రవారం

సునీత బిడ్డకు,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పొద్దున కాగితం తీశాను, మళ్ళీ పెట్టెలో పెట్టాను. రాస్తే నువ్వు నీ మొగుడికి చదివి వినిపిస్తావు. రఘుపతి హెడ్డాఫీసులో కూర్చునేవాడు, ఇక్కడి సంగతి అక్కడికి పాకుతుంది. తరువాత ఆలోచిస్తే, పాకితే పాకనీ అనిపించింది. మేం దాచుకునే పని ఏదీ చెయ్యలేదు. మా డ్రైవరు తబ్రేజ్ రేపు పికప్ తీసుకుని మస్కట్ వస్తున్నాడు, అతని చేతికిస్తాను.

ముందు పుస్తకం సంగతి. పోయినసారి నేను మస్కట్‌లో మీ దార్సైట్ ఇంటికి వచ్చినప్పుడు మీ పక్కింటివాళ్ళు చెత్తలో వెయ్యబోతుంటే ఆపి నా చేతిలో పెట్టావే, ప్రపంచ దేశాల పుస్తకం, అట్ట లేనిది, అదే. నా చదువు నీకు తెలుసు. బొంబాయి కామాటిపురలో ఉన్న రోజుల్లో సినిమా పోస్టర్ల మీద తెలుగు, బస్సుల మీద మరాఠీ, సిమెంటు సంచుల మీద ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. సంచి మీద లేని ఇంగ్లీషు మాట వస్తే నాకు ఇప్పటికీ కష్టమే. అయినా పట్టు వదలకుండా చదివితే మొదట్లోనే ఒక దీవి తగిలింది, పేరు అంగ్విల్లా. ‘ఎ’తో మొదలైంది గనుక దొరికింది. జింబాబ్వే దాకా వెళ్ళేసరికి నా వీసా అయిపోతుంది.

సముద్రంలో చిన్న దీవి అది. దేశం కాదు, అలాగని పూర్తిగా ఒకరి చెప్పుకింద ఉండేదీ కాదు. లండన్‌లో ఉండే రాణి ఒక గవర్నరును పంపుతుంది. జనం ఏడుగురు సభ్యులను ఎన్నుకుంటారు. ఇంకో నలుగురు ఎన్నిక లేకుండానే వచ్చి కూర్చుంటారు. ఎక్కువమంది ఎవరి వెనక ఉంటే గవర్నరు అతన్ని ముఖ్యమంత్రిని చెయ్యాలి. స్కూళ్ళు, రోడ్లు లాంటివి ముఖ్యమంత్రి చూసుకోవచ్చు. పోలీసులు, పై దేశాలతో మాటలు, రక్షణ మాత్రం గవర్నరు జేబులోనే ఉంటాయి. అంటే వంటింట్లో పెత్తనం మనకిచ్చి వీధి తలుపు తాళంచెవి వాళ్ళు దగ్గర పెట్టుకున్నారన్నమాట.

చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఇది మా క్యాంపు కాక ఇంకేమిటి? ఏడాదిన్నర కిందట క్యాంపు బాస్ వెళ్ళిపోతే హెడ్డాఫీసు ఇంకొకణ్ణి పంపడం మరిచిపోయింది. వాళ్ళు సరుకులు పంపుతారు, మిగతాదంతా మాదే. మేము నలభైమందిమి, ఏడు రూములు. రూము తరఫున ఒకడు చొప్పున శుక్రవారం భోజనమయ్యాక ఏడుగురం కమిటీగా కూర్చుంటాం. అందులో నన్ను ‘సీఎం సాబ్’ అంటారు. ఇది నా గొప్ప కాదు. అందరి గోలా వినడానికి ఇంకెవరూ ఒప్పుకోలేదు.

ఆ పుస్తకంలో ఇంకో సంగతి ఉంది. ఆ దీవికి ‘చెందినవాళ్ళు’ అని ఒక హోదా ఉందట, దాన్ని చట్టంలోనే రాసుకున్నారట. ఓటు దగ్గర ఆ లెక్క చూస్తారట. మా దగ్గరా ఎప్పటినుంచో ఇదే ఉంది, పేరు మాత్రం పెట్టుకోలేదు. వంటమనిషి గులాం నబీ అందరికీ కలిపి వండే పెద్ద గిన్నె, ఆ గంజులోంచి తిన్నవాడు మాకు చెందినవాడు. తిన్నవాడికి ఓటుంది. ఓటున్నవాడు తీర్మానానికి కట్టుబడాలి, తనకు నచ్చినా నచ్చకపోయినా. ఒకసారి నీళ్ళ ట్యాంకరు తోలే పఠాన్ ఒకాయన మాతో భోంచేసి, పారిశుద్ధ్యం మీద ఓటు కూడా వేసి, మర్నాడు మాతోపాటు మరుగుదొడ్లు కడిగి మరీ వెళ్ళాడు. పెద్దమనిషి.

ఇప్పుడు అసలు సంగతి. మౌలాలి అని కడప మనిషి, తాపీ మేస్త్రీ. ఆగస్టులో కాంక్రీటు మిక్సర్ బెల్టులో అతని కుడిచెయ్యి పడి నలిగింది. ఇక్కడి ఆసుపత్రిలో ఒక ఆపరేషన్ చేశారు. డిసెంబరులో రెండోది చేస్తే వేళ్ళు కదులుతాయని డాక్టరు మాటిచ్చాడు. ఈలోగా హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది, డ్యూటీ లేనివాడికి క్యాంపులో చోటు లేదు, ఇంటికి పంపండి అని. ఇప్పుడు విమానం ఎక్కితే ఆ చెయ్యి ఇక అంతే. తాపీ పట్టేవాడికి చెయ్యి పోతే ఏం మిగులుతుంది చెప్పు.

ఈ మధ్యాహ్నం సభ పెట్టాం. ‘మౌలాలి ఈ గంజుకు చెందినవాడు. రెండో ఆపరేషన్ అయ్యేదాకా వెళ్ళడు.’ అందరూ చేతులెత్తారు. మౌలాలి ఎడమచెయ్యి ఎత్తాడు.

పిల్లలకు ముద్దులు. నీ మొగుడికి చదివి వినిపించు, ఫరవాలేదు.

పోచన్న మామ

*

దార్సైట్,
14 అక్టోబరు 1992

మామకు,

నీ ఉత్తరం చదివి నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. ఆ పుస్తకం చెత్తలోకి వెళ్ళనిచ్చి ఉంటే ఈ దేశానికి ఒక ముఖ్యమంత్రి తగ్గేవాడు. తప్పు నాదే.

మామా, కొంచెం నేలమీద ఉండు. అక్కడ మీరేమీ దీవి కాదు. మీ గుర్తింపు కార్డులు, ఆ బతాకాలు, కంపెనీవి, మీ మంచాలు కంపెనీవి, గులాం నబీ భాయ్ గంజు కూడా కంపెనీదే. పైగా మౌలాలి అన్నాయన మన ఊరివాడా, మన జిల్లావాడా? పోయినేడు నీకు లీవు ఇవ్వలేదన్న కోపం ఆయన చేతిని అడ్డం పెట్టుకుని తీర్చుకుంటున్నావని నాకు అనుమానం. చిన్నప్పుడు మా అమ్మతో పోట్లాడి, ఆమె మీద కోపంతో నన్ను ఎత్తుకుని తిప్పేవాడివట. అమ్మే చెప్పింది.

నువ్వు చెప్పినట్టే మా ఆయనకు చదివి వినిపించాను. టీ తాగుతూ విన్నారు. గంజు సంగతి దగ్గర మాత్రం, “అది మల్లొకసారి సదువు” అన్నారు. చదివాను. పఠాన్ దగ్గర నవ్వారు కూడా. తరువాత బాల్కనీలోకి వెళ్ళి నిలబడ్డారు. అడిగితే ఏమీ లేదన్నారు.

వచ్చే శుక్రవారం కాక ఆ పై శుక్రవారం ఆయనే మీ క్యాంపుకు వస్తున్నారు. ఎందుకో నాకు సరిగా చెప్పలేదు. అల్లుడు మొదటిసారి వస్తున్నాడు, కడుపునిండా అన్నం పెట్టు. రాజకీయాలు మాట్లాడకు.

మస్కట్‌లో ఇంకా ఉక్కపోతే. ఇబ్రాలో బుధవారం ఆడవాళ్ళ సంత పెడతారట కదా, అక్కడ కుట్టుపని చేసిన టోపీలు దొరికితే రెండు పంపించు.

సునీత

*

ఇబ్రా,
23 అక్టోబరు 1992

సునీతకు,

టోపీలు పంపడం లేదు. ఆ సంతలోకి మగవాళ్ళను రానివ్వరు. అదీ ఒక రాజ్యమే, దాని గురించి ఇంకోసారి రాస్తాను.

మీ గవర్నరు వచ్చి వెళ్ళాడు. ఇకమీదట అతన్ని నేను అలాగే పిలుస్తాను. నువ్వు అనుమానించిన ఆ లీవు కోపం కాదు ఇది, నిన్న లేదు, ఇవాళ వచ్చింది.

గులాం నబీ పొద్దున్నే లేచి కోళ్ళు తెప్పించాడు. అల్లుడు వస్తున్నాడని కారం తగ్గించాడు, హైదరాబాదు వంటవాడికి అది ఎంత కష్టమో నీకు తెలుసు. రఘుపతి పికప్ దిగాడు. నలభైమందీ లేచి నిలబడ్డారు.

“అల్లుడా, చేతులు కడుక్కో” అన్నాను.

“నేను తినను మామా. కడుపు మంచిగ లేదు.”

“పెరుగన్నం తిను.”

“వద్దు మామా.”

గులాం నబీ గంజు మూత చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. “సాబ్, ఆప్ కే వాస్తే మిర్చీ కమ్ డాల్యూం” అన్నాడు.

“నై భాయ్, మాఫ్ కరో.”

మూత మళ్ళీ గంజు మీదికి వెళ్ళింది. ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తోంది. సాయిబు చేతి వంట గొంతు దిగదా మీ ఆయనకు? దార్సైట్‌లో కృష్ణుడి గుడి దగ్గర ఇల్లు తీసుకుంటే ఇంత మడి వస్తుందని తెలిసి ఉంటే రూవీలో తీసుకోమనేవాణ్ణి. వరసకు అల్లుడు గనుక నోరు మూసుకున్నాను.

ఆ తరువాత నిలబడే కాగితం చదివాడు. మౌలాలిని తీసుకురమ్మని ఉంది అందులో. మౌలాలి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“సారూ, నా చెయ్యిని ఈడ ఇడిసిపెట్టి నేనొక్కన్నే పొమ్మంటే యెట్ల పోతా?” అన్నాడు.

మీ గవర్నరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు నేను లేచాను. ఆ దీవి కథలో మిగతా సగం చెప్పాను. దాన్ని ఒకప్పుడు పక్క దీవి పెత్తనం కింద కట్టేశారట. ఆ పెత్తనం వద్దని 1967లో జనం తిరగబడి, అక్కడి నుంచి వచ్చిన పోలీసులను విమానం ఎక్కించి పంపేశారట. రెండేళ్ళకు లండన్ నుంచి సైనికులు దిగితే ఎదురు కాల్పులే లేవట. మేకలు ఎదురొచ్చి ఉంటాయని నేను కలిపాను, పుస్తకంలో లేదు. చివరికి పక్క దీవి పెత్తనం పోయింది. వాళ్ళు అడిగింది అదే.

“మా దగ్గర విమానం లేదు. తబ్రేజ్ పికప్ ఉన్నది. ఎక్కు” అన్నాను.

ఎక్కాడు. ఎక్కేముందు రెండు వారాల్లో మళ్ళీ రావాలని చెప్పాడు. రానీ. మేము ఎక్కడికీ పోవడం లేదు.

పోచన్న

*

దార్సైట్,
28 అక్టోబరు 1992

మామా,

మూడు రోజులు ఆగి రాస్తున్నాను, ఆగకపోతే ఏం రాసేదాన్నో.

మీ అల్లుడు శుక్రవారం రాత్రి ఇల్లు చేరగానే చెప్పులతోనే వంటింట్లోకి వచ్చి, పొద్దుటి చద్దన్నం నిలబడి తిన్నారు. కడుపు బాగాలేని మనిషి తినే తిండి కాదు అది. పొద్దున ఇంటి నుంచి బయలుదేరి ఇబ్రా వచ్చి తిరిగి వచ్చేదాకా పచ్చి మంచినీళ్ళ మీద ఉన్నారట.

ఎందుకు తినలేదని అడిగాను. ఏమన్నారో తెలుసా? “మీ మామ రాసిండు గదనే. తింటే ఓటొస్తది, ఓటొస్తే కట్టుబడాలె. జేబుల ఆ కాగితం పెట్టుకోని నేనెట్ల తింట? తిని, వాళ్ళ నడుమ కూసోని, మల్ల ఆ మనిషిని గుంజుకపొమ్మంటవా?”

రాసింది నువ్వు. చదివి వినిపించింది నేను. మీ చట్టాన్ని నీకంటే గట్టిగా పాటించిన మనిషికి నువ్వు మడి అంటగట్టావు. గులాం నబీ భాయ్ వంట గొంతు దిగదట. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఆయన రూముమేట్ ఎవరో నీకు తెలుసు, వాళ్ళింటి హలీం కోసం ఇప్పటికీ కలవరిస్తారు.

ఇంకోటి కూడా తెలుసుకో. ఆ కాగితం పట్టుకుని ఆయన్ను ఎవరూ పొమ్మనలేదు. వాళ్ళ మేనేజరు, ఆ ముదీర్, ఇంకొకరిని, కొంచెం గట్టి మనిషిని పంపబోతుంటే, “వద్దు సార్, అక్కడ మావాళ్ళున్నారు, నేను పోత” అని అడిగి మరీ తీసుకున్నారు. నాకు ఇప్పుడే చెప్పారు. నేనూ నిన్నటిదాకా ఆయన్ను తప్పుగానే అనుకున్నాను, అది వేరే సంగతి.

ఆరో తారీఖున మళ్ళీ వస్తున్నారు. ఈసారీ ఒట్టి చేతులతో తిరిగివస్తే హెడ్డాఫీసులో ఆయన కుర్చీ ఉండదు. నేను నిన్ను ఏమీ అడగడం లేదు. మౌలాలిని పంపెయ్యమనీ అనడం లేదు, తన చెయ్యి గురించి ఆయన అన్న మాట విన్నాక అది నా నోటికి రాదు. ఊరికే చెప్తున్నాను.

సునీత

*

ఇబ్రా,
31 అక్టోబరు 1992

బిడ్డా,

నీ ఉత్తరం సభలో చదివాను. నన్ను తిట్టిన చోట్లు కూడా వదలలేదు. వాటికి చాలామంది సంతోషించారు.

గులాం నబీ చివరిదాకా విని, “ఖాకే ఝూట్ బోల్నేవాలే బహుత్ దేఖా. భూకా రైకే సచ్చా రయా, ఐసా ఏక్ ఇచ్ దేఖా” అన్నాడు. తిని అబద్ధమాడేవాళ్ళను చాలామందిని చూశాడట. ఆకలితో ఉండి నిజాయితీగా నిలబడ్డవాణ్ణి ఇదే చూడటమట. వెంటనే కోళ్ళ సంగతి అడిగాడు.

మేము రాజ్యాంగం సవరించాం. కంపెనీ పని మీద వచ్చే చుట్టం ఓటు లేకుండా భోంచెయ్యవచ్చు, తీర్మానం అతనికి వర్తించదు. నాలుగో రూము పోచంపాడు మనిషి లేచి, “గట్లయితే రేపు అందరు మాకు ఓటొద్దంటరు, బాత్రూములు ఎవడు కడగాలె?” అని అడ్డం తగిలాడు. న్యాయమైన మాటే. చుట్టాలకు మాత్రమే అని రాసి నోరు మూయించాం.

రఘుపతిని కడుపునిండా తిని వెళ్ళమను. అతనికి ఏ కట్టుబాటూ లేదు. మౌలాలి మాత్రం కదలడు. ఈ రెండూ కలిపి ఎలా నెగ్గుతాయో నాకు తెలియదు. తెలియనప్పుడు ముందు భోజనం పెట్టడం మంచిది.

అల్లుణ్ణి నేనన్న మాట తిరిగి తీసుకున్నానని చెప్పు. లేదులే, నేనే చెప్తాను.

మామ

*

ఇబ్రా,
6 నవంబరు 1992

సునీతా,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి మీ ఆయన నోటినుంచి సగం విని ఉంటావు. అతను తన గురించి తక్కువ చెప్పుకుంటాడు, అందుకని మిగతా సగం నేను రాస్తున్నాను.

రఘుపతి దిగగానే మా సవరణ చదివి వినిపించాను. విన్నాడు.

“ఇది ఎవరు పెట్టిండ్రు?”

“నేనే” అన్నాను, కొంచెం గర్వంగానే.

“నేను రాకముందే నా ఓటు గుంజుకున్నరా మామా?”

సవరణ కాగితం తిరగేసి చూశాను. వెనక ఏమీ రాసి లేదు. అతను పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. వచ్చి బంతిలో కూర్చున్నాడు, ప్లేటు చేత్తో పట్టుకుని.

“వడ్డించు భాయ్. ఆ సవరణ నాకు వద్దు.”

“అల్లుడా,” అన్నాను, “తింటే కట్టుబడాలె. ఆలోచించుకో.”

“రెండు వారాల సంది ఆలోచిస్తున్న. ఆకలైతున్నది.”

గులాం నబీ మూత తీశాడు. ఈసారి కారం తగ్గించలేదు. మీ ఆయన కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూ మూడుసార్లు వేయించుకున్నాడు. ఆ నీళ్ళు కారానివే అని అందరం ఒప్పుకున్నాం.

తరువాత సభ. మౌలాలి ఉండాలా వెళ్ళాలా అని మళ్ళీ ఓటుకు పెట్టాను, కొత్తగా చేరినవాడు ఉన్నాడు గనుక. రఘుపతి చెయ్యెత్తాడు. అందరూ ఎత్తారు. ఒక్కడు ఎత్తలేదు. మౌలాలి.

“నేనొప్పుకోను,” అన్నాడు. “నా కోసరం ఆ సారు కొలువు పోగొట్టుకునేది నాకు ఇష్టం ల్యా. ఆయప్పకు పిల్లోళ్ళుండారు. నేను పోతా, అంతే.”

అప్పుడు మీ ఆయనే అన్నాడు, “మౌలాలీ, నువ్వు ఈ గంజుల తిన్నవా లేదా?”

“తింటి.”

“ఓటేసినవా?”

“ఏస్తి గదా, వద్దని.”

“ఓడిపోయినవ్. కట్టుబడాలె. కూసో.”

మౌలాలి నా వైపు చూశాడు. చట్టం నాది గనుక నేనేమీ చెయ్యలేను అన్నాను. కూర్చున్నాడు. పక్కవాడి భుజం మీద తల పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

ఆ దీవి గవర్నరు ఇలా చెయ్యగలడా అని పుస్తకంలో వెతికాను. దాని గురించి ఏమీ రాయలేదు. రాసినవాళ్ళు ఇలాంటిది చూసి ఉండరు.

పికప్ మౌలాలి లేకుండానే వెనక్కి వెళ్ళింది. ఏం జరిగినా దాచకుండా రాయి.

పోచన్న మామ

*

దార్సైట్,
25 నవంబరు 1992

మామకు,

దాచకుండా రాయమన్నావు.

ముదీర్, “ఆ మనిషి ఏడీ?” అని అడిగారట. ఈయన, “క్యాంపు ఒప్పుకోలేదు సార్. నేనూ ఒప్పుకోలేదు. డాక్టరు డిసెంబరులో ఆపరేషన్ అన్నాడు, అప్పటిదాకా ఉంచాలి” అని చెప్పి, అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి బల్లమీద పెట్టారట. “నువ్వెవరు ఒప్పుకోకపోవడానికి?” అంటే, “అక్కడ భోంచేసిన సార్” అన్నారట. ముదీర్‌కు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

పదిరోజులు ఎవరూ ఏమీ అనలేదు. తరువాత మూడు సంగతులు ఒకేసారి వచ్చాయి. ఒకరు సంతకం పెట్టి అడిగాక కాదని రాయడానికి ఎవరి చెయ్యీ రాలేదేమో, మౌలాలి ఆపరేషన్ అయి చెయ్యి కుదిరేదాకా ఉండవచ్చు. మీ క్యాంపుకు కొత్త క్యాంపు బాస్ వస్తాడు, వంట కాంట్రాక్టరుకు ఇస్తారు, కమిటీ లాంటివి ఏవీ ఉండకూడదు. ఈయనకు దూరాన షినాస్ సైట్‌లో స్టోరుకీపర్ పని. పిల్లల బడి ఇక్కడ, కాబట్టి నేను ఇక్కడే.

ఏడ్చాను. తరువాత చూస్తే ఈయన సామాను సర్దుకుంటూ ఈల వేస్తున్నారు. పెళ్ళయినప్పటి నుంచి ఈయన ఈల వెయ్యడం నేను వినలేదు. అంత బాగా వేస్తారని కూడా తెలియదు.

షినాస్ నుంచి నిన్న మనిషి కబురు తెచ్చాడు. అక్కడ క్యాంపులో పదిమందేనట, సముద్రం పక్కనే, చేపలు బాగా దొరుకుతాయట. అందరినీ ఒక్క గంజులో వండుకోమని ఈయన ఒప్పించారట. ఎందుకో వాళ్ళకు ఇంకా చెప్పలేదట.

పక్క ఫ్లాటు ఆవిడ, “అయ్యో, మీవారిని దూరం పంపేశారా” అంది. “పంపలేదు. ఆయనే ఒక మాటకు కట్టుబడ్డారు” అన్నాను. ఆవిడ తలుపు వేసుకుంది. నా ముఖం చూసి భయపడి ఉంటుంది.

ఆ పుస్తకం తబ్రేజ్ చేతికిచ్చి పంపించు. ‘బి’ నుంచి నేను చదువుతాను.

నీ సునీత

*

ఇబ్రా,
15 జనవరి 1993

సునీత బిడ్డకు,

పుస్తకం పంపుతున్నాను. బెర్ముడా దగ్గర చెమ్మ తగిలి రెండు పేజీలు అంటుకున్నాయి, నెమ్మదిగా విడదియ్యి.

క్యాంపు బాస్ వచ్చాడు. వంటింటికి తాళం వేశాడు. గులాం నబీని సైటుకు బ్లాకులు మొయ్యడానికి పంపాడు. మధ్యాహ్నం కాంట్రాక్టరు డబ్బాలు వస్తాయి, మనిషికొకటి, మూత తీస్తే ఒక్కొక్కడి అన్నం ఒక్కొక్కడికే. గంజు లేకపోతే చెందినవాళ్ళూ ఉండరని ఎవరో ఆలోచించే చేసి ఉంటారు. మంచి ఆలోచనే, కాదనను.

శుక్రవారాలు మేము కట్టే బిల్డింగు మూడో స్లాబు మీదికి ఎక్కుతున్నాం. పెళ్ళిళ్ళలో అరబ్బులు అన్నం పెట్టే పెద్ద పళ్ళెం ఒకటి బజారులో కొన్నాం. నలభై డబ్బాలూ అందులో బోర్లిస్తాం. గులాం నబీ కలుపుతాడు. పప్పు, చేప, క్యాబేజీ, అన్నీ ఒకటే. రుచి సంగతి అడగకు. తిన్నాక సభ. కమిటీ ఉండకూడదన్నారు గనుక కమిటీ లేదు. ఇప్పుడు నలభైమందీ సభ్యులే, గోల ఇంతకుముందుకంటే ఎక్కువైంది. నన్ను సీఎం అనడం మానేశారు. ఎవరు మాట్లాడుతుంటే వాడే సీఎం.

పోయినవారం క్యాంపు బాస్ మెట్లెక్కి వచ్చి చూశాడు. గులాం నబీ లేచి, “ఆవో సాబ్, ఖావో” అని పళ్ళెం అంచు చూపించాడు. ఆయన మమ్మల్నందరినీ ఒకసారి చూసి, తినకుండా దిగిపోయాడు. తెలివైనవాడు. ఎవరో ముందే చెప్పినట్టున్నారు.

నా వీసా మేలో అయిపోతుంది, కొత్తది రాయరని చెప్పకనే చెప్పారు. మే అంటే ఇంకా చాలా శుక్రవారాలున్నాయి.

రఘుపతికి నా దీవెనలు. షినాస్‌లో గొడవ ఎప్పుడు మొదలవుతుందో రాయమను.

రెండో ఆపరేషన్ తరువాత మౌలాలి చేతికి వేసిన కట్టు మంగళవారం విప్పారు. ఈ పొద్దున తన లుంగీ తనే కట్టుకున్నాడు.

పోచన్న